బొల్లికి బలం మందా?

పెదవి అంచున గోరంత తెల్లమచ్చ. పాల మరక అనుకుని అమ్మ కొంగుతో తుడుస్తుంది, పోదు. నెల తిరిగేసరికి వేలికణుపుల మీద, మోకాలి చిప్ప మీద ఇంకో రెండు తేలతాయి. ఇక ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ ఒక కారణం చెబుతారు. “చేపల కూర తిన్న పూట పాలు తాగించి ఉంటావు” అంటుంది పెద్దమ్మ. “రక్తం చెడింది” అంటాడు ఎదురింటాయన. పట్నంలో ఉద్యోగం చేసే మేనమామ ఆ రెండు మాటల్నీ కొట్టిపారేసి, “అవేం కాదక్కా, పిల్లాడికి ఇమ్యూనిటీ తగ్గింది. అది పెంచితే మచ్చలు వాటంతటవే పోతాయి” అంటాడు.

మొదటి రెండు మాటల్ని ఇవాళ చాలామంది అనుమానంగానే వింటున్నారు. మూడోదాన్ని మాత్రం చదువుకున్నవాళ్లే ముందు నమ్ముతున్నారు, వాళ్లే నలుగురికీ చెబుతున్నారు. కరోనా కాలంలో ‘ఇమ్యూనిటీ’ అన్న మాట ప్రతి వంటింట్లోకీ వచ్చి కూర్చుంది. ఏ జబ్బు పేరెత్తినా అది తగ్గడం వల్లేనని చెప్పడం అలవాటైపోయింది. ఆ ఊపులోనే బొల్లికీ బలం మందులు మొదలయ్యాయి. మెడికల్ షాపులో టానిక్కు, ఆన్‌లైన్‌లో పొడి, పెరట్లో తిప్పతీగ కషాయం. ఇంట్లోవాళ్లు ప్రేమతోనే ఇస్తారు, పిల్లాడు కళ్లు మూసుకుని తాగుతాడు. మచ్చ మాత్రం పెరుగుతూనే ఉంటుంది.

ఈ మూడో మాట కూడా తప్పే. పైగా మొదటి రెండింటికన్నా దీనివల్ల జరిగే నష్టం ఎక్కువ. ఎందుకంటే ఇది జబ్బును సరిగ్గా తలకిందులు చేసి చూపిస్తుంది. బొల్లి మచ్చలో రోగనిరోధక వ్యవస్థ నీరసించి పడిలేదు. అక్కడ అది మహా చురుగ్గా, పట్టుదలగా పనిచేస్తోంది. కాకపోతే సూక్ష్మజీవుల మీద కాకుండా, ఆ మనిషి సొంత రంగు కణాల మీద.

తెలుగులో ఈ పొరపాటుకు మాట కూడా కొంత తోడ్పడింది. ‘రోగనిరోధక శక్తి’ అంటున్నాం కదా. శక్తి అనగానే మనసుకు తోచేది ట్యాంకులో నీళ్లలాంటి ఒక లెక్క. ఉంటే ఎక్కువ ఉండాలి, లేకపోతే తక్కువ ఉండాలి, తక్కువైతే నింపాలి. ఒంట్లో ఉన్నది అలాంటి ట్యాంకు కాదు. వందల రకాల కణాలు, వాటి మధ్య కబుర్లు మోసే రసాయనాలు, దాడికి పురికొల్పేవి కొన్ని, ఆపేవి కొన్ని. ఆపేవాటికి ఎంత ప్రాముఖ్యం ఉందో చెప్పడానికి ఒక్క సంగతి చాలు. 2025 వైద్య నోబెల్ బహుమతి మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్, షిమోన్ సకగుచీలకు దక్కింది సొంత ఒంటి మీద దాడి జరగకుండా పట్టి ఉంచే నియంత్రణ టీ కణాల మీద చేసిన పనికే. ఈ అదుపు సడలితే వచ్చే జబ్బులు ఒక పెద్ద కుటుంబం. కొన్ని రకాల థైరాయిడ్ జబ్బులు, చిన్నపిల్లల్లో వచ్చే మొదటి రకం మధుమేహం, తల మీద జుట్టు గుండ్రంగా రాలిపోయే పేనుకొరుకుడు, కీళ్లవాతం అన్నీ అందులోవే. బొల్లి వీటికి తోబుట్టువు. అందుకే బొల్లి ఉన్నవాళ్లలో థైరాయిడ్ జబ్బు మామూలు జనంలోకన్నా ఎక్కువగా కనబడుతుంది, తెలిసిన డాక్టరు మచ్చ చూడగానే థైరాయిడ్ రక్తపరీక్ష రాస్తాడు.

అసలు మచ్చలో ఏం జరుగుతోందో కాస్త నిదానంగా చూడాలి. చర్మం పై పొరకు అట్టడుగున, సాలీడు కాళ్లలాంటి కొమ్మలు చాచుకుని రంగు కణాలు ఉంటాయి. వీటిని మెలనోసైట్లు అంటారు. ఒక్కో రంగు కణం తన కొమ్మల ద్వారా చుట్టూ ఉన్న దాదాపు 36 చర్మకణాలకు మెలనిన్ అనే రంగును పంచిపెడుతుంది. నలుపు, చామనఛాయ, తెలుపు అనే తేడాలు ఈ కణాలు ఎన్ని ఉన్నాయన్నదాన్ని బట్టి రావు, అవి ఎంత రంగు, ఎలాంటి రంగు తయారుచేస్తున్నాయన్నదాన్ని బట్టి వస్తాయి. బొల్లి మచ్చలో రంగు తగ్గడం కాదు, రంగు చేసే కణాలే లేకుండా పోతాయి. అందుకే ఆ తెలుపు సుద్దముక్కలా అంత స్పష్టంగా కనబడుతుంది.

వాటిని చంపుతున్నది ఎవరు? 1998లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు బొల్లి ఉన్న తొమ్మిది మంది రక్తాన్ని పరీక్షించారు. వాళ్లలో ఏడుగురి రక్తంలో మెలన్-ఏ అనే రంగు కణాల ప్రొటీన్‌ను గుర్తుపట్టి దాడిచేసే రకం టీ కణాలు, అంటే రోగనిరోధక కణాలు, పెద్దసంఖ్యలో కనిపించాయి. వాటి ఒంటి మీద చర్మానికి దారి చూపే గుర్తు కూడా ఉంది. ఆరోగ్యవంతుల్లోనూ ఆ రకం కణాలు ఉన్నాయి గానీ వాటికి ఆ గుర్తు లేదు. అంటే బొల్లి రోగుల్లో అవి మేల్కొని, చిరునామా చేతపట్టుకుని తిరుగుతున్నాయి.

దీన్ని చూసి కొందరు, కణాలు అక్కడ ఉన్నంతమాత్రాన చంపింది అవేనని ఎలా అంటారని అడిగారు. సరైన ప్రశ్న. ఇల్లు కాలిన చోట కనబడ్డవాళ్లందరూ నిప్పుపెట్టినవాళ్లు కారు, ఆర్పడానికి వచ్చినవాళ్లూ ఉంటారు. దానికి 2009లో ఆమ్‌స్టర్‌డామ్ నుంచి జవాబు వచ్చింది. అక్కడి శాస్త్రజ్ఞులు రోగి మచ్చ అంచు నుంచి టీ కణాలను తీశారు. అదే రోగి ఒంటి మీద మచ్చ లేని చోట నుంచి చిన్న చర్మపు ముక్క తీశారు. రెంటినీ ప్రయోగశాలలో కలిపి ఉంచారు. టీ కణాలు ఆ ఆరోగ్యమైన చర్మంలోకి చొచ్చుకుపోయి, రంగు కణాలను వెతికి చంపాయి. రోగి ఒకరే, చర్మం అతనిదే, దాడి చేసిన కణాలూ అతనివే. ఇందులో చేప లేదు, పాలు లేవు, చెడిన రక్తం లేదు, నీరసమూ లేదు.

ఆ దాడి ఎలా ముదురుతుందో కూడా ఇప్పుడు తెలుసు. టీ కణాలు ఇంటర్‌ఫెరాన్ గామా అనే రసాయనాన్ని వదులుతాయి. అది తగలగానే చుట్టుపక్కల చర్మకణాలు తామే ఇంకో రకం రసాయనాలను విడుదల చేస్తాయి. ఆ వాసన పట్టుకుని మరిన్ని టీ కణాలు అక్కడికి చేరతాయి. ఇంటర్‌ఫెరాన్ చెప్పిన మాటను కణం లోపలికి మోసుకెళ్లేవి జాక్ అనే ఎంజైములు. ఈ గొలుసు తెలిశాక మందుల సంగతి ఎలా మారిందో ముందుముందు చూద్దాం.

శక్తి తగ్గడం వల్లే బొల్లి వస్తుందన్న మాట నిజమైతే, ఆ శక్తిని పెంచినప్పుడు బొల్లి తగ్గాలి, తగ్గించినప్పుడు ముదరాలి. వైద్యరంగంలో ఈ రెండు పనులూ వేరే వేరే కారణాలతో ఎన్నోసార్లు జరిగాయి. ఫలితం ప్రతిసారీ ఎదురుగానే వచ్చింది.

మెలనోమా అనే చర్మ క్యాన్సర్ సంగతి తీసుకోండి. అది రంగు కణాల్లోనే పుట్టే క్యాన్సర్. దానికి ఇప్పుడు పెంబ్రోలిజుమాబ్ లాంటి మందులు ఇస్తున్నారు. అవి టీ కణాలకు ఉన్న ఒక బ్రేకును తీసేస్తాయి, రోగనిరోధక వ్యవస్థ పూర్తి బలంతో క్యాన్సర్ మీద పడుతుంది. నిజమైన ‘ఇమ్యూనిటీ బూస్టర్’ అంటే ఇదే. ఫ్రాన్స్‌లో ఈ మందు వాడిన 67 మంది మెలనోమా రోగులను గమనించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో 17 మందికి, అంటే నలుగురిలో ఒకరికి, కొత్తగా బొల్లి మచ్చలు వచ్చాయి. ఇంకా విశేషం, ఆ 17 మందిలో 12 మందికి క్యాన్సర్ తగ్గుముఖం పట్టింది. మచ్చలు రాని 50 మందిలో అలా తగ్గింది 14 మందికే. టీ కణాలకు క్యాన్సర్ రంగు కణానికీ మామూలు రంగు కణానికీ తేడా తెలియలేదు, రెండింటినీ తుడిచేశాయి. అందుకే క్యాన్సర్ వార్డులో తెల్లమచ్చ కనిపిస్తే డాక్టర్లు మందు పనిచేస్తోందనడానికి మంచి సూచనగా చూస్తారు. అదే మచ్చను మన ఊళ్లో బలహీనతకు గుర్తు అంటున్నాం.

దీనికి మరో వైపు కూడా ఉంది. బొల్లి ఉన్నవాళ్లకు మెలనోమా వచ్చే అవకాశం మిగతావాళ్లకన్నా దాదాపు మూడో వంతేనని నెదర్లాండ్స్‌లో జరిగిన ఒక పరిశీలన 2013లో తేల్చింది. జన్యువులూ ఆ మాటే చెబుతున్నాయి. రంగు తయారీకి కీలకమైన టైరోసినేజ్ జన్యువులో ఒక రూపం బొల్లి ముప్పును పెంచితే, అదే రూపం మెలనోమా ముప్పును తగ్గిస్తుంది. రోగనిరోధక కాపలా లేని ఒంటికి ఇలాంటి రక్షణ ఎక్కడి నుంచి వస్తుంది?

హెపటైటిస్ సి జబ్బుకు ఒకప్పుడు ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు ఇచ్చేవారు. రోగనిరోధక వ్యవస్థను రెచ్చగొట్టి వైరస్‌ను తరిమే వైద్యం అది. అది తీసుకున్న కొందరికి బొల్లి వచ్చింది. పులిపిర్ల లాంటి వాటికి రాసే ఇమిక్విమాడ్ క్రీము కూడా చర్మంలో రోగనిరోధక కణాలను ఉసిగొల్పేదే. కొందరికి సరిగ్గా ఆ క్రీము రాసిన మేరకే చర్మం తెల్లబడింది. ఇంకా ఆశ్చర్యం కలిగించే కేసులు ఎముకమజ్జ మార్పిడిలో నమోదయ్యాయి. బొల్లి ఉన్న దాత నుంచి మజ్జ తీసుకున్న రోగికి, అంతకుముందు ఒక్క మచ్చయినా లేని మనిషికి, బొల్లి వచ్చింది. దాత నుంచి రోగికి వెళ్లింది చర్మం కాదు, రోగనిరోధక కణాలు పుట్టే మజ్జ.

ఇక తగ్గించినప్పుడు ఏమైందో చూద్దాం. ఇందులో మన దేశం వాటా చిన్నది కాదు. ఢిల్లీ ఎయిమ్స్‌లో జె.ఎస్. పస్రిచా, బినోద్ ఖైతాన్ 1993లో ఒక పద్ధతి ప్రకటించారు. వేగంగా పాకుతున్న బొల్లికి వారంలో వరసగా రెండు రోజులు మాత్రమే 5 మిల్లీగ్రాముల బీటామెథసోన్ మాత్ర, మిగిలిన అయిదు రోజులు ఏమీ లేదు. ఇది స్టెరాయిడ్, రోగనిరోధక దాడిని అణిచే మందు. చాలామందిలో కొన్ని నెలల్లోనే మచ్చలు పాకడం ఆగింది. ఇప్పటికీ ఎన్నో దేశాల్లో చర్మవైద్యులు ఈ మినీ పల్స్ పద్ధతిని వాడుతున్నారు. ముఖం మీది మచ్చలకు రాసే టాక్రోలిమస్ ఆయింట్‌మెంట్ సంగతి ఇంకా తేటగా ఉంటుంది. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లు, కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా మింగే మందు అదే. టీ కణాల నోరు నొక్కే మందును రాస్తే రంగు తిరిగి వస్తోందంటే, రంగును తినేస్తున్నది ఎవరో వేరే చెప్పాలా?

ఇక జాక్ ఎంజైములను అడ్డుకునే మందుల మాట. 2015లో అమెరికాలోని యేల్ వైద్యులు ఒక మహిళకు కీళ్లవాతానికి వాడే టోఫాసిటినిబ్ మాత్ర ఇచ్చి, ముఖం మీదా చేతుల మీదా రంగు తిరిగి రావడం చూశారు. 674 మంది మీద జరిగిన రెండు పెద్ద పరీక్షల తర్వాత, 2022 జులైలో రక్సొలిటినిబ్ క్రీముకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి వచ్చింది. బొల్లిలో రంగు తిరిగి తెప్పించడానికి అక్కడ అనుమతి పొందిన మొదటి మందు అది. 24 వారాలు రాసినవాళ్లలో దాదాపు 30 శాతం మందికి ముఖం మీద మచ్చలు మూడొంతులకు పైగా తగ్గాయి. మందు లేని ఉత్త క్రీము రాసినవాళ్లలో ఆ మేరకు తగ్గింది ఒక పరీక్షలో 7 శాతం మందికి, రెండోదానిలో 11 శాతం మందికి. ఇది అద్భుతం కాదు. పదిమందిలో ఏడుగురికి ఆ ఆరు నెలల్లో అంత ఫలితం రాలేదు. ఈ జాతి మందులకు గట్టి హెచ్చరికలు కూడా ఉన్నాయి, డాక్టరు చూడకుండా వాడేవి కావు. కానీ ఇక్కడ వాదం మందు గొప్పతనం గురించి కాదు. బొల్లిలో పనిచేస్తున్నట్టు రుజువైన మందుల్లో రోగనిరోధక శక్తిని పెంచేది ఒక్కటీ లేదు. చాలావరకు దాన్ని అణిచేవే.

“మరి మన బావంచాలో?” అని ఇక్కడ ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. తరతరాలుగా బొల్లికి వాడుతున్న గింజలు అవి, వాటిలో నిజంగా పనిచేసే పదార్థం ఉంది. కానీ అది బలం మందు కాదు. ఆ పదార్థం సోరలెన్. ఒంట్లో ఉన్నప్పుడు ఎండ తగిలితే చర్మాన్ని వెలుగుకు అతిగా స్పందించేలా చేస్తుంది. ఈజిప్టు వైద్యుడు ఎల్ మోఫ్తీ 1940లలో ఇంకో మొక్క నుంచి తీసిన ఇదే జాతి పదార్థాన్ని ఎండతో కలిపి బొల్లికి వాడి చూపించాడు. ఆ దారిలోనే ఇవాళ ఆసుపత్రుల్లో 311 నానోమీటర్ల అతినీలలోహిత కిరణాల వైద్యం దాకా వచ్చాం. ఈ కిరణాలు రెండు పనులు చేస్తాయి. చర్మంలోని టీ కణాలను అణుస్తాయి, వెంట్రుక కుదుళ్లలో దాగిన రంగు కణాల విత్తనాలను మేల్కొలుపుతాయి. అందుకే నయమవుతున్న మచ్చలో రంగు ముందుగా వెంట్రుకల చుట్టూ చిన్నచిన్న చుక్కలుగా పొడుస్తుంది. బావంచాలు పూసుకుని ఎంతసేపు ఎండలో కూర్చోవాలో తెలియక బొబ్బలెక్కి ఆసుపత్రికి వచ్చేవాళ్లూ ఉన్నారు. మన పెద్దల అనుభవంలో ఉన్న నిజాన్ని గౌరవించాలంటే ఆ గింజ ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలి, దాన్ని టానిక్కుల వరసలో కలిపెయ్యకూడదు.

తిప్పతీగ కథ అందుకు హెచ్చరిక. కరోనా రోజుల్లో ఇమ్యూనిటీ పెంచుతుందని దేశమంతా దాన్ని మరిగించి తాగింది. తర్వాత 2022లో దేశంలోని 13 వైద్యకేంద్రాల డాక్టర్లు కలిసి, అది తాగాక కాలేయం దెబ్బతిన్న 43 మంది వివరాలు ప్రచురించారు. వాళ్లలో ఎక్కువమందిలో కనిపించింది ఒళ్లు తన కాలేయాన్ని తానే దెబ్బతీసే ఆటో ఇమ్యూన్ తరహా వాపు. ఆయుష్ మంత్రిత్వ శాఖ తిప్పతీగను తప్పుపట్టడాన్ని ఒప్పుకోలేదు, ఆ చర్చ నడిచింది. అది తాగితే బొల్లి పెరుగుతుందని ఇక్కడ ఎవరూ అనడం లేదు. ఒకపక్క రోగనిరోధక కణాలు దారితప్పి ఉన్న మనిషికి, వాటిని ఇంకా పురికొల్పుతామని చెప్పుకునే సరుకును మంచిదే కదా అని ఇవ్వడం ఎంతమాత్రం నిర్దోషమైన పని కాదు.

అమ్మేవాళ్ల సంగతికొస్తే చట్టం పాతదే. 1954 నాటి మ్యాజిక్ రెమెడీల చట్టం, కొన్ని జబ్బులు నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వకూడదని చెప్పి ఆ జబ్బుల జాబితా ఇచ్చింది. ల్యూకోడెర్మా పేరుతో బొల్లి ఆ జాబితాలో ఉంది. అయినా తెల్లమచ్చలకు గ్యారంటీ వైద్యమన్న రాతలు బస్టాండు గోడల మీద నుంచి ఇప్పుడు ఫోన్లలోకి పాకాయి. గ్యారంటీ అన్న మాట ఎక్కడ కనిపించినా అక్కడ ఆగిపోవడం రోగి హక్కు.

ఎదుటివాళ్ల పక్షాన ఉన్న బలమైన వాదన వేరే ఉంది, దాన్ని దాటేసి పోకూడదు. జబ్బు అసలు మొదలయ్యేది రంగు కణంలోనే, రోగనిరోధక వ్యవస్థ తర్వాత వచ్చి చేరుతుంది అంటారు కొందరు శాస్త్రజ్ఞులు. యేల్‌కు చెందిన ఆరన్ లెర్నర్, మెలటోనిన్‌ను కనిపెట్టిన ఆయన, రంగు తయారీలో పుట్టే విషపదార్థాల వల్ల ఈ కణాలు తమను తామే నాశనం చేసుకుంటాయని 1971లో ప్రతిపాదించాడు. రసాయనాల అనుభవాలు దానికి మద్దతుగా ఉన్నాయి. 1939లో అమెరికాలో ఒక తోళ్ల పరిశ్రమ కార్మికుల చేతులు తెల్లబడ్డాయి, వాళ్లు తొడుక్కున్న రబ్బరు గ్లవ్స్‌లోని ఒక రసాయనం కారణమని తేలింది. 2013 జులైలో జపాన్‌లో కానెబో సంస్థ తన తెల్లదనపు క్రీములను వెనక్కి తీసుకోవాల్సివచ్చింది. రోడోడెండ్రాల్ అనే పదార్థం వల్ల 19 వేల మందికి పైగా చర్మం మీద మచ్చలు పడ్డాయి. మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ స్టిక్కర్ బొట్టు. కొన్ని బొట్ల జిగురులో ఉండే బ్యుటైల్ ఫినాల్ జాతి రసాయనం వల్ల నుదుట సరిగ్గా బొట్టంత మేర తెల్లబడిన ఆడవాళ్లను మన చర్మవైద్యులు ఎన్నో ఏళ్లుగా చూస్తున్నారు.

ఇదంతా నిజమే. రంగు కణం కష్టంలో పడి కేక వెయ్యడం జబ్బుకు మొదటి అడుగు కావచ్చు. అయితే అదే రబ్బరు గ్లవ్స్ వేసుకున్న కార్మికులందరికీ, అదే బొట్టు పెట్టుకున్న ఆడవాళ్లందరికీ మచ్చలు రాలేదు. కొందరిలో రసాయనం తగిలిన చోటు దాటి, ఎన్నడూ తగలని చోట్లకూ మచ్చలు పాకాయి. జిగురు నుదురు దాటి మోచేతి దాకా పోదు, పోయేది టీ కణం. కొలరాడో విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ స్ప్రిట్జ్ బృందం, ఇతరులు కలిసి బొల్లితో సంబంధం ఉన్న జన్యుస్థానాలను 50 దాకా గుర్తించారు. కొన్ని రంగు కణానికి చెందినవి. ఎక్కువ భాగం రోగనిరోధక వ్యవస్థకు చెందినవే. ఒంటికి ఒకే పక్క పట్టీలా వచ్చే సెగ్మెంటల్ బొల్లి నడక కొంత వేరు, అది ఒక దశలో ఆగిపోతుంది, చర్మం మార్పిడికి బాగా లొంగుతుంది. మామూలు బొల్లికి అలాంటి చికిత్స చెయ్యాలంటే సర్జన్లు ఏడాదిపాటు కొత్త మచ్చ రాకూడదని పట్టుబడతారు. పాకుతున్న బొల్లిలో కొత్త రంగు కణాలు తెచ్చి నాటితే వాటికీ పాతవాటి గతే పడుతుందని వాళ్లకు అనుభవం.

చేపలు, పాల సంగతి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఆ రెండూ విరుద్ధాహారమన్న మాట చరక సంహిత నాటిది. స్కాట్లండ్‌లో పొగబెట్టిన హాడక్ చేపను పాలలోనే ఉడికించి సూపు చేసుకుంటారు. పుట్టి బుద్ధెరిగి చేప ముట్టని ఇళ్లలోనూ బొల్లి వస్తుంది. పులుపు మాన్పించడం, పెరుగు మాన్పించడం వల్ల పిల్లలకు తిండి మీద ఉన్న ఇష్టం పోతుందే తప్ప మచ్చకు ఒరిగేదేమీ లేదు.

బలహీనత అన్న మాట మచ్చతో ఆగదు, మనిషికి అంటుకుంటుంది. పెళ్లిచూపుల దగ్గర “వాళ్ల వంశంలోనే ఏదో లోపం ఉందట” అన్న గుసగుసగా మారుతుంది. ‘బొల్లి’ అన్న తెలుగు మాట తెల్లమచ్చ అన్నంత వరకే చెబుతుంది, బొల్లి ఆవు అని ముద్దుగా కూడా పిలుస్తాం. గ్రాంథికంగా ‘శ్వేతకుష్టు’ అనడంతో కుష్టువ్యాధి పేరు వచ్చి దానికి తగులుకుంది. కుష్టు ఒక బాక్టీరియా వల్ల వచ్చేది, దాని మచ్చలో స్పర్శ పోతుంది. బొల్లి మచ్చలో దూదితో తాకినా తెలుస్తుంది. ఇది అంటుకోదు. వంశపారంపర్యమా అంటే, ఒకే అండం నుంచి పుట్టిన కవలల్లో ఒకరికి బొల్లి ఉంటే రెండోవారికి వచ్చింది 23 శాతం మందిలోనే. జన్యువులన్నీ ఒకటే అయిన మనుషుల్లోనే నాలుగింట మూడు వంతుల మందికి రాలేదంటే, అమ్మకు మచ్చ ఉందని కూతురి పెళ్లి ఆపడానికి ఆధారమేముంది?

ఇమ్యూనిటీ నమ్మకం వల్ల జరిగే అసలు నష్టం కాలం రూపంలో జరుగుతుంది. వెంట్రుకలు ఇంకా నల్లగా ఉన్న మచ్చలో విత్తనాలు మిగిలి ఉన్నట్టు, రంగు తిరిగి రావడానికి దారి ఉన్నట్టు. మచ్చలోని వెంట్రుకలు కూడా నెరిస్తే ఆ దారి చాలావరకు మూసుకుపోతుంది. బలం మందు తాగుతూ చూద్దాం, చూద్దాం అని గడిపే ఆరు నెలలు, ఏడాది ఈ తేడా తెచ్చే నెలలే. లంగా బొందు ఒరుసుకునే నడుము మీద, చెప్పు పట్టీ రాసుకునే పాదం మీద కొత్త మచ్చలు లేస్తున్నాయంటే జబ్బు చురుగ్గా ఉందని అర్థం, అప్పుడు ఆగకూడదు.

రంగు తిరిగి వచ్చాక కూడా ఇదే నమ్మకం ఇంకోసారి దెబ్బకొడుతుంది. దాడి ముగిసినా కొన్ని టీ కణాలు ఆ చోటు వదిలి వెళ్లవు. రంగు తేరుకున్న చర్మంలోనే జ్ఞాపకం పెట్టుకుని కూర్చుంటాయి. మందు ఆపితే మచ్చ తరచుగా పాత చోటే, పాత ఆకారంలోనే లేవడానికి కారణం అదే. ఫ్రాన్స్‌లో రంగు తిరిగివచ్చిన రోగులను ఆరు నెలలు గమనించి 2015లో ప్రచురించారు. వారానికి రెండుసార్లు టాక్రోలిమస్ రాస్తూ ఉన్నవాళ్లలో 9.7 శాతం మచ్చలు మళ్లీ తెల్లబడ్డాయి. ఉత్త ఆయింట్‌మెంట్ రాసినవాళ్లలో 40 శాతం. మన ఇళ్లలో జరిగేది తెలిసిందే. పెదవి అంచున రంగు నిండగానే, అణిచే మందు ఎన్నాళ్లు రాస్తాం, పిల్లాడి శక్తి తగ్గిపోదూ అని ఆ ట్యూబును మూతపెట్టి అలమారలో పెట్టేస్తారు. మేనమామ తెచ్చిన పొడి డబ్బా మళ్లీ తీస్తారు. వారానికి రెండు రాత్రులు, పడుకోబోయే ముందు ఒక్క నిమిషం పని అది. ఆ ట్యూబు కిందికి దించి రాయాల్సింది సరిగ్గా ఆ రోజుల్లోనే.